సరిహద్దు రాయికి ఇవతల

గోలాను ఊరికి దక్షిణపు దారిలో, సున్నం కొట్టిన సరిహద్దు రాయికి నాలుగు మూరల ఇవతల, రెయూమా గుడ్డ పరిచి దాని మీద ముద్దల గిన్నె పెట్టింది. రెండు మూరలైతే పల్తీ లోపల నిలబడే వంగి అందుకుంటాడు. ఎనిమిదైతే అనుమానిస్తాడు. నాలుగంటే ఒక్క అడుగు బయట వెయ్యక తప్పదు, ఒక్క అడుగుకే ఏం కొంప మునుగుతుందిలే అనిపించకా తప్పదు. మొండి మేకను కొట్టంలోకి రప్పించడానికి ఆమె ఆకులు పట్టుకునేదీ సరిగ్గా ఇంత దూరంలోనే. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. గాలి లేదు. వెనక, దారి పక్కన ఎద్దంత నల్లరాయి చాటున నోబహు కత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఎదర, రాయికి అవతల, ఊరి గోడ దాకా పచ్చిక, పచ్చికలో బలిసిన ఆవులు. అవి ఎటైనా పోవచ్చు, ఏ రాయైనా దాటవచ్చు. ఈ ఊళ్లో సరిహద్దు పట్టించుకోవాల్సినవి రెండు కాళ్లవే.

నోబహు ఆమె మరిది, పోయిన భర్తకు తమ్ముడు. ఆమె కొడుకు ఏలోను రక్తానికి బదులు తీసుకోవాల్సిన మగవాడు ఇంటిపేరున ఇక అతడొక్కడే మిగిలాడు, అది ఆమె దురదృష్టమో, ఏలోనును చంపిన పల్తీ అదృష్టమో తేలలేదు. మొదటి ఏడు కత్తి నూరుకుని, పళ్లు కూడా నూరుకుంటూ వచ్చాడు. రెండో ఏడు కత్తి తెచ్చాడు. మూడో ఏటినుంచి కత్తితో పాటు జున్నుగడ్డ తెస్తున్నాడు, కత్తికి పనుండాలి కదా.

"వదినా, ఈ రాయి కాలిపోతోంది. ఇంకెంతసేపు?"

"పదమూడేళ్లు ఆగావు. పొద్దు నెత్తికెక్కేదాకా ఆగలేవా?"

"పదమూడేళ్లు నీడలో ఆగాను."

"మాట్లాడకు. నిద్రపోకు. అంతే నీ పని."

అంతే అతడి పని. మిగతాది ఆమె పని, ఆ మిగతాది అతడికి చెప్పలేదు. తెల్లవారుజామున వాగు దగ్గర, నోబహు నోరు తెరిచి గుర్రుపెడుతుండగా, ఉప్పు గాడిదలవాడొకడు నీళ్లకు దిగి ఊరికే అన్నట్టు అన్నాడు: షిలోహులో పెద్ద యాజకుడు పోయాడమ్మా, అయిదు రోజులైంది, ఆ కబురు పట్టుకుని గోలానుకు పోయేవాడు నా వెనకే ఉన్నాడు, వాడి గాడిద కుంటుతోంది పాపం. పాపమే. ఆ గాడిద కాలు ఎంత కుంటితే ఆమెకు అంత పొద్దు. ఉప్పువాడు పడమటి దారి పట్టి పోయాడు. ఆమె నోబహును కాలితో తట్టి లేపి, ముఖమైనా కడుక్కోనీయకుండా ఎక్కడా ఆగకుండా నడిపించింది. ఏమిటీ పరుగు వదినా అంటే, ముద్దలు పులుస్తాయి అంది.

షిలోహు గుడిలో పెద్ద యాజకుడు బతికున్నంతకాలమే ఈ రాయికి విలువ. చెయ్యి జారి మనిషిని చంపినవాడు గోలాను గోడల్లోకి పరుగెత్తుకొచ్చి పడితే ఊరివాళ్లు దాచుకుంటారు. రాయికి లోపల వాణ్ణి వేలితో తాకకూడదు. రాయి దాటాడా, చచ్చినవాడి తరఫువాడు చంపినా అడిగేవాడు లేడు. పెద్ద యాజకుడు కన్ను మూశాడా, అంతటితో అన్నీ కొట్టుకుపోతాయి. చంపినవాడు చేతులు ఊపుకుంటూ ఇంటికి పోవచ్చు, ఆ తర్వాత వాడి మీద చెయ్యి వేసినవాడే హంతకుడు, వాడికిక ఏ ఊరూ లేదు, ఏ గోడా లేదు. ఆయన కన్ను మూసి అయిదు రోజులైంది. కాబట్టి ఇవాళ నోబహు పల్తీని పొడిస్తే అది న్యాయం కాదు, హత్య. ఆ సంగతి ఈ పచ్చిక మీద తెలిసిన మనిషి ఒక్కతే. ఆవిడ చెప్పదు. కబురువాడు రాకముందే జరిగిపోతే ఏ ఘడియన ఏది జరిగిందో ఎవరు తేలుస్తారు? నోబహుకు ఆరుగురు పిల్లలు, ఆఖరిదానికి ఇంకా పళ్లు రాలేదు. ఆ ఆలోచన ఈగలా వచ్చి వాలింది. ఆమె తోలేసింది. మళ్లీ వాలింది.

పదమూడేళ్లుగా ఆ యాజకుడి ఆయువు కోసం ఆమె మొక్కినంతగా ఎవరూ మొక్కి ఉండరు, ఒక్క ఆయన కన్నతల్లి తప్ప. ముఖమైనా చూసి ఎరగదు. లావో సన్నమో తెలియదు. అయినా చలికాలం వస్తే ఆయనకు దగ్గు పట్టకూడదని, ఎండాకాలం వస్తే కడుపు నొప్పి రాకూడదని, తన కీళ్ల నొప్పులు పక్కన పెట్టి ఆయన కీళ్ల కోసం ప్రార్థించింది. ఆయన బతికితే పల్తీ ఇక్కడే పడి ఉంటాడు. అక్కడ షిలోహులో ఆ తల్లికీ అదే దిగులు. లోపలున్న చెయ్యిజారినవాళ్లంతా తన కొడుకు చావు కోసం దేవుడి చెవిలో పోరకుండా, ఏటేటా ఈ ఊళ్లన్నిటికీ ఎండు అంజూరపు పళ్లు అద్ది చేసిన అడలు, ఉన్ని పైబట్టలు పంపుతుంది. తిన్న నోటితో శాపం పెట్టరని ఆవిడ నమ్మకం. రెయూమాకు నవ్వొచ్చేది. తిన్న నోటికి శాపం పెట్టడానికి బలం వస్తుంది గాని. అయినా ఎక్కడో ఒక ముసలామె తనలాగే రోజూ అదే మొక్కు మొక్కుతోందని ఆమెకొక ధైర్యం ఉండేది, పక్కింట్లో దీపం వెలుగుతున్నట్టు. ఇప్పుడా దీపం ఆరింది. ఆవిడా ఇప్పుడు కొడుకు లేని తల్లే. పోనీ నాకేం, అనుకుంది. నా కొడుకును ఎవరు ఏడ్చారు షిలోహులో?

దారి చూడు ఎంత నున్నగా ఉందో. ఏటా వానలు వెలిశాక పెద్దలే మనుషుల్ని పెట్టి రాళ్లు ఏరిస్తారు, గుంతలు పూడ్పిస్తారు, చీలికల దగ్గర గుర్తులు నాటిస్తారు, పరుగెత్తేవాడి కాలికి దెబ్బ తగలకుండా. హంతకులకు ఇంత చక్కటి దారి. నీళ్ల కడవ నెత్తినెత్తుకుని ఆడవాళ్లు నడిచే దారిలో మోకాలెత్తు రాళ్లు, వాటిని ఏ పెద్దా ఏరించడు. ఆ రోజు పల్తీ ఈ దారినే పరుగెత్తాడు. వాడి చొక్కా మీద ఏలోను రక్తం. ఏలోను ఇంకా వెచ్చగానే ఉన్నాడు ఆమె ఒళ్లో. కొడుకు వెచ్చదనం ఆరిపోయేలోగా పల్తీ రెండు వాగులు దాటేశాడు, నోబహు వెంటపడ్డాడుగాని అప్పటికే పొట్ట వచ్చేసింది కదా. సింధూరపు చెట్టు నరకడానికి వెళ్లారు ఇద్దరూ, పొద్దున్నే, నవ్వుకుంటూ, ఆ నవ్వు ఇప్పటికీ ఆమె గుమ్మంలో అక్కడే ఉంది. ఏలోను కొమ్మ వంచి పట్టుకున్నాడు. పల్తీ గొడ్డలి ఎత్తాడు. కర్ర కామ వాడి చేతుల్లో ఉండిపోయింది. ఇనుము మాత్రం వెళ్లిపోయింది.

అంతవరకు అందరూ చెప్పుకునేదే. దానికి ముందుది ఎవరూ చెప్పుకోరు. ముందు రాత్రి ఏలోను ఆ గొడ్డలిని రాతి తొట్టిలో నీళ్లలో పెట్టాడు, కామ నాని ఉబ్బి ఇనుమును బిగించి పట్టుకోవాలని. ఏ ఇంట్లోనైనా అంతే, చెట్టు కొట్టే ముందు రాత్రి గొడ్డలి నీళ్లలో ఉండాలి. ఆమెకేమో కత్తిరించిన ఉన్ని గుట్టగా పడి ఉంది, మురుగు వాసన కొడుతోంది, తొట్టి కావాలి. గొడ్డలి తీసింది. తీసి పొయ్యి పక్కన గోడకు ఆనించింది. ఉన్ని నానబెట్టింది. పడుకునే ముందు మళ్లీ తొట్టిలో పెడదామనుకుంది. ఆ అనుకోవడం ఆమెకు బాగా గుర్తుంది, ఎడం చేత్తో జుట్టు ముడి వేసుకుంటూ అనుకుంది. పొయ్యిలో నిప్పు తెల్లారేదాకా ఉంది. తెల్లారేసరికి కామ ఎముకలా ఎండి ఉంటుంది. పల్తీ వచ్చి, పొయ్యి పక్కనుంచి దాన్ని తీసుకుంటూ, "పిన్నీ, ఇది ఇక్కడుందేంటి?" అన్నాడు. "నీ కళ్లకి అదే కనబడిందా, ముద్దలు తిని పో," అంది ఆమె.

కాబట్టి వాడికి తెలుసు. ఈ ప్రపంచంలో ఆమెకూ పల్తీకీ మాత్రమే తెలుసు. ఊరి గోడ వాకిట, గవిని దగ్గర, గోలాను పెద్దలు కూర్చుని అడిగినప్పుడు, ఆమె జనంలో నిలబడి ఉంది, పైట నోట్లో కుక్కుకుని. గొడ్డలి నానబెట్టాల్సింది ఎవరు? అన్నారు. పల్తీ ఆమె వైపు చూశాడు. ఒక్కసారి. తర్వాత పెద్దల వైపు తిరిగి, "నేనే. నాకు చెప్పారు. మరిచిపోయాను," అన్నాడు. ఆ ఒక్క చూపుకు చంపాలి వాణ్ణి. గొడ్డలికి కాదు. గొడ్డలి ఎవరి చేతిలోనైనా ఊడుతుంది. ఆ చూపు మాత్రం కావాలని చూశాడు. అయ్యో పాపం అన్న చూపు. పొద్దున లేస్తే ఆ జాలి ఆమె మంచం పక్కనే కూర్చుని ఉంటుంది, రాత్రి పడుకుంటే తలకింద ఉంటుంది. తమ ఊళ్లో పల్తీ తల్లి ఎదురింట్లో ఉండేది, ఆరేళ్లు ఒకే బావిలో నీళ్లు తోడుకున్నారు, మాట లేదు. ఆవిడ పోయినప్పుడు రెయూమా తలుపు వేసుకుని ఉన్ని వడికింది. వడికినంతసేపూ పోగు తెగుతూనే ఉంది, అయినా తలుపు తియ్యలేదు. ఆ ఇంటి కప్పు కూలి ఇప్పుడు గడ్డి మొలిచింది.

దారి మలుపులో దుమ్ము లేచిందా? లేదు, ఆవులు. గుండె దిగింది. దిగి మళ్లీ లేచింది, ఎందుకంటే ఊరివైపునుంచి మనిషి వస్తున్నాడు. ఏటా ఇలాగే వస్తాడు, ఎవరో ఆమె వచ్చిందని చెప్తారు కాబోలు. తాళ్లు పేనే పని వాడిది ఇక్కడ, ఎద్దుల పలుపులు. నడుం వంగింది. గడ్డం సగం తెల్లబడింది. ఏలోనుకు ఈ వయసు వచ్చి ఉంటే గడ్డం ఇలాగే సగం తెల్లబడేదా? వాడిది తండ్రి పోలిక, నల్లగానే ఉండేదేమో. ఏలోనుకు రావాల్సిన ముసలితనం కూడా వీడే తింటున్నాడు.

"బాగున్నావా పిన్నీ?" రాయి దగ్గర ఆగి అడిగాడు. ఏటా అడుగుతాడు. ఏటా ఆమె నేల వైపు ఉమ్మి ఊరుకుంటుంది.

"కూచో," అంది ఇవాళ.

పల్తీ కూర్చోలేదు, ఆశ్చర్యపోయాడు. "మాట్లాడుతున్నావే! గిన్నె కూడా తెచ్చావ్." గాలి పీల్చాడు. "పచ్చి గోధుమ కంకులు కాల్చినవా? వెన్నలో ముద్దలు చేసి?"

"నీకిష్టం కదా."

"ఇష్టమే. నోబహు మామ ఎక్కడ, ఆ రాయి వెనకేనా?" గొంతు పెంచాడు. "మామా, కాలు బయటికి కనబడుతోంది. లోపలికి లాక్కో."

రాయి వెనక చెప్పు మెల్లగా లోపలికి పోయింది. రెయూమాకు నవ్వొచ్చింది, అదీ కోపమే. వీడు నన్ను నవ్వించడమేమిటి? చిన్నప్పుడూ ఇంతే, ఏలోను అలిగి మూల కూర్చుంటే వీడు వచ్చి ఇద్దరినీ నవ్వించి ఏలోను వాటా ముద్దలు కూడా తినేసి పోయేవాడు. మలుపు వైపు చూసింది. ఖాళీ.

"పైబట్ట కొత్తదిలా ఉందే."

"నిన్ననే పంచారు. యాజకుడి తల్లి పంపింది, మహాతల్లి. లోపల అందరూ కప్పుకుంటారు, ఆవిడ అడలు తింటారు, తిని మూతి తుడుచుకుని ఆవిడ కొడుకు ఎప్పుడు పోతాడా అని లెక్కలేస్తారు."

"నువ్వో?"

"నేను వెయ్యలేదు పిన్నీ. ఆయన పోతే ఇంటికి రావాలి కదా. వచ్చి నీ ముఖం ఎలా చూడను?"

ఆ పైబట్ట బయలుదేరిన నాడు ఆ కొడుకు బతికే ఉండి ఉంటాడు. నేసిన చేతులు ఇప్పుడు శోకంతో ఒంటిమీది బట్ట చింపుకుంటున్నాయి, అది తెలియక వీడు ఆ బట్టలో వెచ్చగా నిలబడి ఉన్నాడు. చెప్పనా? నాలుక చివర ఉంది. చెప్పను. ఒక్క అడుగు. ముందు ఒక్క అడుగు వెయ్యి.

"ఆ రోజు గవిని దగ్గర అలా ఎందుకు చెప్పావు?" ఇది అడగాలని ఆమె అనుకోలేదు. ఎటునుంచి వచ్చిందో వచ్చేసింది.

పల్తీ ఒక గడ్డిపరక తుంచి వేళ్ల మధ్య పేనాడు. "అప్పుడే కొడుకును పోగొట్టుకున్నావు. అది కూడా నీ నెత్తిన ఎందుకు వెయ్యడమని."

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"నిన్నెవరడిగార్రా? నా కడుపుకోత నీ దయమీద పడి బతకాలా? నేను నిన్ను తిట్టుకోవడానికి కూడా నువ్వే వీలు కల్పించావా?" అరుస్తున్నానని ఆమెకు తెలిసింది, రాయి వెనక నోబహు దగ్గడం వినబడింది, ఆగలేదు. "పదమూడేళ్లు! నువ్వు ఇక్కడ మంచివాడివై కూచున్నావు. నేను అక్కడ దాన్ని మింగలేక కక్కలేక..."

"అవును పిన్నీ. అది తప్పే. అప్పుడు తోచలేదు." తల ఎత్తాడు. కళ్లు అలసిపోయి ఉన్నాయి, బాగా నడిచొచ్చినవాడి కళ్లు. "ఈ గిన్నె ఎందుకు పెట్టావో తెలుసు. నాలుగు మూరలు, సరిగ్గా కొలిచావు. నాకూ ఇక చాలనిపిస్తోంది. మామా, లే. చెయ్యి గట్టిగా పట్టు, తిప్పలు పెట్టకు."

అని, గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చినంత మామూలుగా, రాయి దాటి బయటికి వచ్చేశాడు.

నోబహు లేచాడు. కత్తి ఉంది. గడ్డానికి జున్ను పొడి ఉంది. నాలుగడుగులు వేసి ఆగి, "వదినా?" అన్నాడు, పండక్కి ఏ గొర్రెను కొయ్యాలో అడిగినట్టు. ఆమె తల ఊపితే చాలు. పల్తీ మోకాళ్ల మీద కూర్చుని పైబట్ట మెడ దగ్గర వదులు చేసి కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖం చూసింది రెయూమా. అందులో భయం లేదు. పక్క వేసి ఉంది, ఇక పడుకోవడమే తరువాయి అన్నట్టుంది. పదమూడేళ్లుగా తనకు ఒక్క రాత్రి పట్టని నిద్ర వీడికి ఇప్పుడు పట్టబోతోంది. పట్టి, వీడు పోయి ఏలోను పక్కన చేరుతాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. తను ఎప్పటిలాగే బయట నిలబడి ఆ నవ్వు వినాలి. ఇంత దూరం వచ్చి, ఆరుగురు పిల్లల తండ్రిని హంతకుణ్ణి చేసి, తను చెయ్యబోతున్నది వీడి కోరిక తీర్చడమా? కోరి అడిగినదాన్ని పెడితే అది పగ ఎలా అవుతుంది, వడ్డన అవుతుంది గాని.

"ఆగవయ్యా!"

కత్తి ఆగింది. నిజానికి అది ఇంకా బయలుదేరలేదు.

"పెద్ద యాజకుడు పోయాడు. అయిదు రోజులైంది."

ముందుగా కూలబడింది నోబహు. "పోయాడా? ఎవరు చెప్పారు? నీకెప్పుడు తెలుసు?"

"తెల్లారగట్ల. వాగు దగ్గర."

"తెల్లారగట్లా? మరి ఇందాకంతా..." కత్తి వంక, పల్తీ మెడ వంక, మళ్లీ ఆమె వంక చూశాడు. లెక్క తేలింది కాబోలు, ముఖం సున్నం రాయిలా అయిపోయింది. "వదినా! నాకు ఆరుగురు పిల్లలు!"

"ఆపాను కదా."

"ఆపావు! ఎంత దయ! ఇకనుంచి నువ్వు పెట్టే ముద్ద కుక్కకు పెట్టి చూశాకే తింటాను." కత్తిని దూరంగా పచ్చికలోకి విసిరి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఆమెకు సిగ్గేసింది. అది తర్వాత పడొచ్చు, చాలా ఉంది ఆయుష్షు.

పల్తీ ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా. "అయితే ఇంటికి పోవచ్చన్నమాట," అన్నాడు. ఆ మాట అంటుంటే గొంతులో సంతోషమేమీ లేదు. "నేను ఇక్కడే ఉండిపోతాను పిన్నీ. తాళ్లు పేనుకుంటూ. పెద్దలు కాదనరు."

"మూట కట్టుకుని రా. మనూరు పోదాం. రేపు మనూరి గవిని దగ్గర పెద్దలు కూచుంటారు, తొట్టిలోంచి గొడ్డలి తీసింది నేనని చెప్పబోతున్నాను. నువ్వు పక్కన ఉండాలి."

మోకాళ్ల మధ్యనుంచి నోబహు తల లేచింది. పల్తీ చెయ్యి అడ్డంగా ఊపాడు. "చెప్పకు. పిన్నీ, వద్దు. ఈ జన్మకి నేను నీకు చేసిన మంచి అదొక్కటే."

"అందుకే చెప్తున్నా."

పదమూడేళ్లు వాడు లోపల దాచుకుని కాచుకుని కప్పుకున్న ఆ ఒక్కటీ ఊడబెరికినందుకు ఆమె అరచేతులు వెచ్చబడ్డాయి. దారి మలుపులో ఇప్పుడు నిజంగానే దుమ్ము లేచింది, దాని కింద కుంటుతున్న గాడిద, గాడిద పక్కన కేకలేస్తూ ఒక మనిషి. ఊరి గోడ మీద ఎవరో చూసి లోపలికి పిలుస్తున్నారు. ఇంకాసేపట్లో గవిని తెరుచుకుని చెయ్యిజారినవాళ్లంతా గంతులేస్తూ బయటపడతారు, షిలోహు పైబట్టలు కప్పుకుని.

"మా ఇల్లు కూలిపోయిందటగా," పల్తీ మెల్లగా అన్నాడు. "వచ్చి ఎక్కడ పడుకోను?"

"మా ఇంట్లో. ఏలోను పడుకునే చోట."

"పిన్నీ..."

"నేను వండింది తింటావు. నేను లేచినప్పుడు లేస్తావు. పొద్దున్నే నీ ముఖం నేనూ, నా ముఖం నువ్వూ చూడాలి. నేను నిన్ను జాలిగా చూస్తా, రోజూ చూస్తా, ఎలా ఉంటుందో తెలుసుకో. నేను బతికున్నంతకాలం. మా అమ్మ తొంభై దాటి బతికింది."

పల్తీ ఊరి గోడ వైపు తిరిగి చూశాడు. కత్తికి మెడ చాచినప్పుడు లేని చెమట ఇప్పుడు నుదుటి మీద పట్టింది, తాళ్లు పేని కాయలు కాసిన వేళ్లు పైబట్ట అంచును పట్టుకుని వదలడం లేదు. భయం. అచ్చమైన భయం, కళ్లనిండా. రెయూమా దాన్ని కళ్లారా చూసింది, తొందరపడకుండా చూసింది. పదమూడేళ్ల తర్వాత ఆమె కడుపు చల్లబడింది.